ఎడమ చేతికి అందే చోట ‘తరువాతి పదం’ షార్ట్‌కట్ పెట్టుకోవడం ఎలా?

తాటాకు · సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక పాత పుస్తకం, 412 పేజీలు. స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చడం) చేయించిన పాఠాన్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో తెరిచి, పక్కన అచ్చు పుస్తకం పెట్టుకుని పోల్చి చూస్తాను. కుడి చేతిలో స్కేలు ఉంటుంది. చదువుతున్న వరుస కింద దాన్ని జరుపుతూ పోవాలి, వదిలితే వరుస తప్పుతుంది. కర్సర్‌ను పదం మీద పెట్టడానికి ఒకసారి మౌస్ ముట్టుకుంటాను. ఆ తరువాత కీబోర్డు మీదికి వచ్చేది ఎడమ చెయ్యి ఒక్కటే.

ఓసీఆర్‌కు థ, ధ ఒకేలా కనిపిస్తాయి. ‘అర్థం’ అని ఉండవలసిన ప్రతిచోటా ‘అర్ధం’ అని పెట్టింది. అన్నీ ఒకేసారి మార్చేద్దామంటే ‘అర్ధరాత్రి’, ‘అర్ధచంద్రుడు’ కూడా పోతాయి. ఒక్కొక్కటీ చూసి తీరాలి. పదం మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఎఫ్3 నొక్కితే ఫైండ్ పెట్టె తెరవకుండానే అదే పదం మళ్లీ వచ్చిన చోటికి వెళుతుందని ఇక్కడే ఎవరో రాశారు. నిజమే, వెళుతుంది. కాని నా ల్యాప్‌టాప్‌లో ఎఫ్3 అంటే శబ్దం పెంచే కీ. దాన్ని ఎఫ్3గా వాడాలంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఒక్క చేత్తో ఆ మూడూ నొక్కడం వీణ మీద గమకం పలికించినట్టు ఉంది.

నిన్న సొంత తెలివి ఉపయోగించి ఆ పనిని కంట్రోల్+డికి మార్చాను. కింద ఎర్రగా ఏదో వచ్చింది, చదవలేదు. పదం వెతుకుతున్నాననుకుంటూ నొక్కుకుంటూ పోయాను. అరగంట తరువాత చూస్తే పదకొండు చోట్ల వరుస రెండేసి సార్లు ఉంది. ఒక పద్యం ఆరు పాదాలదైపోయింది.

ఎడమ చేతికి అందే షార్ట్‌కట్ ఏదైనా చెప్పండి.

---

కొత్తపలక · సోమవారం, ఉదయం 9:52

కంట్రోల్+డి అంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వరుసకు నకలు తీయడం. వీఎస్ కోడ్, సబ్లైమ్ అనే వేరే ఎడిటర్లలో అదే కీ తరువాతి పదాన్ని పట్టుకుంటుంది. అక్కడ చూసి ఇక్కడ పెట్టినట్టున్నారు.

---

తాటాకు · సోమవారం, ఉదయం 9:58

మా అబ్బాయి కంప్యూటర్‌లో, వీఎస్ కోడ్‌లో చూశాను. అవును.

---

గుణింతం · సోమవారం, ఉదయం 11:15

తాటాకు గారూ, మీ పనికి సరిపోయే కీ ఒకటి ఉంది: కంట్రోల్+క్యూ. దాని దగ్గర ఇప్పుడున్న పని ‘టాగుల్ సింగిల్ లైన్ కామెంట్’. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒక వరుసను పని చేయకుండా పక్కన పెట్టడానికి వాడతారు. మీరు దిద్దేది మామూలు టెక్స్ట్ ఫైలు కాబట్టి ఆ కీ మీ దగ్గర ఎప్పుడూ ఏ పనీ చేయలేదు, చేయబోదు.

మార్చే పద్ధతి ఇది. సెట్టింగ్స్ మెనూలో షార్ట్‌కట్ మ్యాపర్ తెరవండి. మొదటి ట్యాబు మెయిన్ మెనూ, అక్కడే ఉండండి. కింద ఫిల్టర్ గడి ఉంటుంది. వందల వరుసల్లో కళ్లు కాయలు కాసేలా వెతకనవసరం లేదు. ఆ గడిలో ‘కామెంట్’ అని ఇంగ్లిషులో కొట్టండి. కంట్రోల్+క్యూ ఉన్న వరుస పట్టుకుని ‘క్లియర్’ నొక్కండి. కంట్రోల్+షిఫ్ట్+క్యూ దగ్గర బ్లాక్ కామెంట్ ఉంటుంది, దాన్నీ క్లియర్ చేయండి. ముందు పాత అద్దెదారును ఖాళీ చేయించాలి, తరువాతే కొత్తవాళ్లను దించాలి. నిన్న మీరు చేసింది ఇద్దరినీ ఒకే గదిలో పెట్టడం. ఎర్ర అక్షరాలు చెప్పింది అదే.

ఇప్పుడు ఫిల్టర్‌లో ‘సెలెక్ట్ అండ్ ఫైండ్’ అని కొట్టండి. రెండు వరుసలు వస్తాయి, నెక్స్ట్ ఒకటి, ప్రీవియస్ ఒకటి. మొదటిదాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చిన్న పెట్టె వస్తుంది. కంట్రోల్‌కు టిక్కు ఉంచి, కీల జాబితాలో ఎఫ్3 బదులు క్యూ ఎంచుకోండి. రెండోదానికి కంట్రోల్, షిఫ్ట్ రెండూ ఉంచి అదే క్యూ. పెట్టె మూసే ముందు మ్యాపర్ అడుగున ఉన్న గడి చూడండి. గొడవ ఏమీ లేదని ఉంటేనే మూయండి.

ఇక ముందుకు వెళ్లడానికి చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు క్యూ మీద. వెనక్కి రావాలంటే షిఫ్ట్ కూడా. స్కేలు కదలనవసరం లేదు.

---

మీటల_మేస్త్రి · సోమవారం, మధ్యాహ్నం 12:03

విమ్ అనే ఎడిటర్ నేర్చుకోండి. పదం మీద కర్సర్ పెట్టి నక్షత్రం గుర్తు నొక్కితే ముందుకు, హాష్ గుర్తు నొక్కితే వెనక్కి. ఆ తరువాత ఎన్ నొక్కుకుంటూ పోవడమే. కంట్రోలూ వద్దు, ఎఫ్3 కూడా వద్దు.

---

గుణింతం · సోమవారం, మధ్యాహ్నం 12:10

మేస్త్రి గారూ, నక్షత్రం కావాలంటే షిఫ్ట్+8. ఎడమ చేత్తో నొక్కి చూపించండి. ఎన్ కూడా కుడి వైపుదే.

---

మీటల_మేస్త్రి · సోమవారం, మధ్యాహ్నం 12:21

విమ్‌లో ఏ కీకి ఏ పని కావాలంటే ఆ పని అప్పగించవచ్చు. సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస.

---

అటకమీదిపెట్టె · సోమవారం, మధ్యాహ్నం 12:40

ఆ ఒక్క వరుస రాయడానికి పట్టే కాలంలో ఆయన 30 పేజీలు దిద్దుతారు. నేను ఈమాక్స్ అనే ఎడిటర్ వాడతాను, అయినా ఆయనకు ఈమాక్స్ చెప్పను. ప్రేమ వేరు, పెళ్లి సంబంధం వేరు.

---

కొత్తపలక · సోమవారం, మధ్యాహ్నం 1:05

ఈ సందులో ఒక మాట. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘ఫైండ్ వొలటైల్’ అని ఇంకో జత ఉంది. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3. అది దేనికి? నాకు రెండూ ఒకేలా కనిపించాయి.

(నేను లైనక్స్‌లో, విండోస్ ప్రోగ్రాములను నడిపించే వైన్ ద్వారా నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ నడుపుతూ దాన్ని నొక్కాను. తెర మొత్తం నల్లగా అయిపోయి, పేరు చెప్పి లోపలికి రమ్మని అడిగే ఒక్క వరుస మిగిలింది. కంప్యూటర్ పోయిందనుకుని ప్లగ్గు పీకాను.)

---

అటకమీదిపెట్టె · సోమవారం, మధ్యాహ్నం 1:18

అయ్యో. లైనక్స్‌లో కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 అంటే మూడో కన్సోల్‌కు, అంటే కిటికీలు లేని ఒట్టి అక్షరాల తెరకు, వెళ్లడం. ఆ కలయికను ఎడిటర్ దాకా రానివ్వరు, ముందే పట్టేసుకుంటారు. కంట్రోల్+ఆల్ట్+ఎఫ్1 లేదా ఎఫ్2 నొక్కితే మీ పని మీకు అలాగే కనిపించేది.

ఇదే జాతి ముచ్చట ఇంకొకటి. ఈమాక్స్‌లో వెతకడానికి కీ కంట్రోల్+ఎస్. ఆదేశాలు కొట్టే టెర్మినల్‌లో అదే కంట్రోల్+ఎస్‌కు పాతకాలం నుంచి వేరే అర్థం ఉంది: ‘ఆగు, ఇక పంపకు’. టెలిటైపుల రోజుల నాటి సంకేతం. ఆ సంకేతాన్ని టెర్మినలే పట్టుకుంటే తెర బిగుసుకుపోతుంది. ఎన్ని కీలు కొట్టినా చలనం ఉండదు. కంట్రోల్+క్యూ నొక్కితే కదులుతుంది. కొత్తగా చేరిన రోజుల్లో ఇది తెలియక మా ఆఫీసులో ఒకాయన రోజుకు నాలుగుసార్లు కిటికీ మూసి మళ్లీ తెరిచేవాడు. ఆ ఒకాయన నేనే.

---

గుణింతం · సోమవారం, మధ్యాహ్నం 2:30

కొత్తపలకకు: తేడా జ్ఞాపకంలో ఉంది. ‘సెలెక్ట్ అండ్ ఫైండ్’ వాడితే ఆ పదం ఫైండ్ పెట్టెలోకి వెళ్లి కూర్చుంటుంది. తరువాత ఒట్టి ఎఫ్3 నొక్కినా అదే పదం వెతుకుతుంది. ‘వొలటైల్’ అలా కాదు, చూసి వదిలేస్తుంది. మీరు అంతకుముందు వెతుకుతున్న మాట చెదరదు.

దిద్దుబాటులో ఇది పనికొచ్చే తేడా. ఉదాహరణకు ‘అర్ధ’ వెతుకుతూ 80వ పేజీకి వచ్చారు. అక్కడ ఒక మనిషి పేరు రెండు రకాలుగా పడిందని అనుమానం వచ్చింది. ఆ పేరు మీద వొలటైల్ నొక్కి నాలుగు చోట్ల చూసుకుని వెనక్కి వస్తే, ఎఫ్3కి ఇంకా ‘అర్ధ’ గుర్తుంటుంది. మొదటిదైతే మరచిపోతుంది. నేను రెంటికీ వేరు వేరు కీలు పెట్టుకున్నాను. చాలామంది ఈ రెండోదాన్ని ముట్టుకోనే ముట్టుకోరు, పేరు చూసి భయపడతారేమో.

---

చలిదేశం · సోమవారం, సాయంత్రం 5:47

జర్మనీ నుంచి రాస్తున్నాను. ఎవరూ ఇంకా అనలేదు కాని, అనేలోపు చెబుతున్నాను: కంట్రోల్+ఆల్ట్+క్యూ మాత్రం ఎవరూ పెట్టుకోకండి. విండోస్‌కు కంట్రోల్+ఆల్ట్ కలిపి నొక్కినా, కుడివైపు ఉండే ఆల్ట్‌జీఆర్ నొక్కినా ఒకటే. ఇక్కడి కీబోర్డులో ఆల్ట్‌జీఆర్+క్యూ అంటే ఈమెయిలు చిరునామాలో వచ్చే ‘@’ గుర్తు. ఒకప్పుడు ఆ షార్ట్‌కట్ పెట్టి, చిరునామా రాయబోయిన ప్రతిసారీ ఏదో వెతకడం మొదలయ్యేది. రెండు రోజులు ఆ గుర్తును వేరే చోటి నుంచి కాపీ చేసుకుని అతికించాను.

మన దగ్గర ఇంగ్లిష్ (ఇండియా) లేఅవుట్ పెట్టుకున్నవాళ్లకు ఆల్ట్‌జీఆర్+4 అంటే ₹. కంట్రోల్+ఆల్ట్+4కు ఏదైనా పని అప్పగిస్తే రూపాయి గుర్తు పోతుంది.

---

తాటాకు · సోమవారం, రాత్రి 8:20

గుణింతం గారు చెప్పినట్టే చేశాను. కంట్రోల్+క్యూ పని చేస్తోంది. ఒక్క పూటలో 38 పేజీలు అయ్యాయి, మామూలుగా 25 దాటవు. ధన్యవాదాలు.

కాని ఒకటి వింతగా ఉంది. ‘అర్ధం’ మీద కర్సర్ పెట్టి నొక్కితే ‘అర్ధం’ ఒక్కటే దొరుకుతోంది. ‘అర్ధమైంది’, ‘అర్ధాలు’ వదిలేస్తోంది. మొన్న ఫైండ్ పెట్టెలో ‘అర్ధ’ అని కొట్టినప్పుడు అన్నీ దొరికాయి.

---

గుణింతం · సోమవారం, రాత్రి 9:05

రెండు సంగతులు. ఫైండ్ పెట్టెలో ‘మ్యాచ్ హోల్ వర్డ్ ఓన్లీ’ అనే దగ్గర టిక్కు ఉందేమో చూసి తీసేయండి. ఆ సదుపాయం ఇంగ్లిషుకు బాగుంటుంది, మన భాషకు పనికిరాదు. విభక్తులు, క్రియలు అన్నీ మాటకు అతుక్కునే వస్తాయి. పూర్తి పదమే కావాలంటే సగం పుస్తకం కనిపించకుండా పోతుంది.

రెండోది, కర్సర్ ఊరికే పెడితే అది పదం మొత్తాన్ని తీసుకుంటుంది. ‘అర్ధం’ అంటే సున్నాతో సహా. ‘అర్ధమైంది’లో సున్నా ఆ చోట లేదు కదా. అందుకని మౌస్‌తో ‘అర్ధ’ వరకే ఎంచుకుని అప్పుడు కంట్రోల్+క్యూ నొక్కండి. ఎంపిక ఉంటే దాన్నే వెతుకుతుంది, చుట్టూ ఉన్న పదాన్ని పట్టించుకోదు. ధకు ఏ గుణింతం వచ్చినా దొరుకుతుంది, ఎందుకంటే యూనికోడ్‌లో ధ ఒక అక్షరం, దాని తరువాత వచ్చే దీర్ఘమో గుడో వేరే అక్షరం.

---

చీమలబారు · మంగళవారం, ఉదయం 7:30

ఆలస్యంగా వచ్చాను. తాటాకు గారి అబ్బాయి వీఎస్ కోడ్ వాడతాడని రాశారు కాబట్టి, రేపో మాపో ఆయన అక్కడికి మారితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అక్కడ కూడా కంట్రోల్+ఎఫ్3 అదే పని చేస్తుంది, పేరు ‘ఫైండ్ నెక్స్ట్ సెలెక్షన్’. కంట్రోల్+కె, వెంటనే కంట్రోల్+ఎస్ నొక్కితే షార్ట్‌కట్ల పట్టిక తెరుచుకుంటుంది. దాని వెతుకుడు గడి కుడి చివర చిన్న కీబోర్డు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి ఏ కలయిక కొట్టినా, ఆ కలయికను ఇప్పుడు ఎవరెవరు వాడుతున్నారో చూపిస్తుంది. కొత్త షార్ట్‌కట్ పెట్టే ముందు నేను చేసే మొదటి పని ఇదే.

ఈ పట్టికలో ‘వెన్’ అనే గడి ఉంటుంది. ఎప్పుడు ఈ కీ పని చేయాలి అన్న షరతు. ఒకే కీ ఎడిటర్‌లో ఉన్నప్పుడు ఒక పని, ఫైండ్ గడిలో ఉన్నప్పుడు ఇంకో పని చేయవచ్చు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మ్యాపర్‌లో ఇలాంటి షరతు పెట్టే గడి లేదు. నేను ఎంటర్‌కు, ఆల్ట్+ఎంటర్‌కు ఇలా షరతులు పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఫైండ్ గడిలో కర్సర్ ఉందా అని అడిగే షరతు పేరు చివర ‘ఫోకస్డ్’ అనే మాటకు ఎస్ రెండుసార్లు పడింది. నిఘంటువు ప్రకారం ఒక ఎస్‌తో రాశాను. తప్పు అని ఎవరూ చెప్పలేదు, పని మాత్రం చేయలేదు. గంటన్నర పోయింది.

ఇంకా ఒకటి. ఒకే కీకి రెండు నియమాలు ఉంటే ఫైలులో కిందనున్నది గెలుస్తుంది. కింది నుంచి పైకి చదువుకుంటూ పోయి, షరతు సరిపోయిన మొదటిదాన్ని తీసుకుంటుంది. పాతదాన్ని తీసివేయాలంటే చెరపనవసరం లేదు, కమాండ్ పేరు ముందు మైనస్ గుర్తు పెట్టి రాస్తే చాలు.

---

మీటల_మేస్త్రి · మంగళవారం, ఉదయం 8:12

అంటే విమ్ ఒక వరుస, వీఎస్ కోడ్ ఒక పురాణం.

---

చీమలబారు · మంగళవారం, ఉదయం 8:15

మీరు తెలుగు లేఅవుట్‌తో విమ్ వాడి చూశారా మేస్త్రి గారూ?

---

మీటల_మేస్త్రి · మంగళవారం, ఉదయం 8:44

ఒప్పుకుంటున్నాను, అది నా గాయం.

వినేవాళ్ల కోసం చెబుతున్నాను. విమ్‌లో వెతకడం మొదలుపెట్టేది స్లాష్ కీ. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డులో ఆ చోట ఉన్నది ‘య’. తెలుగులో రాస్తూ ఎస్కేప్ నొక్కి, వెతుకుదామని స్లాష్ కొడితే విమ్‌కు వెళ్లేది య. విమ్‌కు య అంటే ఏమిటో తెలియదు, ఒక్క బీప్ వేసి ఊరుకుంటుంది. ఎన్ కొడితే ‘ల’, షిఫ్ట్+ఎన్ కొడితే ‘ళ’. ఇంగ్లిషుకు మారాలి, వెతకాలి, వెతికే మాట తెలుగు కాబట్టి మళ్లీ తెలుగుకు మారాలి, తరువాతి చోటికి వెళ్లడానికి ఎన్ కావాలి కాబట్టి మళ్లీ ఇంగ్లిషు. రోజుకు రెండు వందల సార్లు మారేవాణ్ని.

మందు ఉంది. ‘ల్యాంగ్‌మ్యాప్’ అనే సెట్టింగులో ‘య వస్తే స్లాష్ అనుకో, ల వస్తే ఎన్ అనుకో, ళ వస్తే పెద్ద ఎన్ అనుకో’ అని రాసి పెట్టవచ్చు. ఆదేశాలిచ్చే నార్మల్ మోడ్‌లోనే దాన్ని అలా అనుకుంటుంది, పాఠం రాసేటప్పుడు య యగానే పడుతుంది. నేను ఆ మూడింటితో మొదలుపెట్టి ఇప్పటికి హల్లులన్నీ రాసుకున్నాను.

---

చలిదేశం · మంగళవారం, మధ్యాహ్నం 1:20

నా స్లాష్ ఇంకో రకం బాధ. జర్మన్ కీబోర్డులో అది షిఫ్ట్+7. అమెరికన్ కీబోర్డులో స్లాష్ ఉండే చోట ఇక్కడ మైనస్ గుర్తు ఉంటుంది. మైనస్ నొక్కితే స్లాష్ అనుకోమని విమ్‌కు చెప్పాను. విమ్‌లో మైనస్‌కు సొంత పని ఒకటి ఉంది, పై వరుస మొదటికి వెళ్లడం. పదేళ్లలో నేను దాన్ని వాడలేదు.

---

తాటాకు · మంగళవారం, సాయంత్రం 4:50

మీ మాటలు సగం అర్థం (థ) కాకపోయినా చదువుతున్నాను. ఇంకొక చిక్కు వచ్చింది.

పుస్తకానికి కొత్త ముందుమాట ఒకటి ఉంది, ఫోనులో కొట్టి పంపారు. అందులో ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది, నేను లెక్కపెట్టాను. కంట్రోల్+క్యూ నొక్కితే ‘సాఫ్ట్’ వరకే పట్టుకుంటోంది. చేత్తో మొత్తం ఎంచుకుని వెతికితే ఆరు దొరుకుతున్నాయి. మిగతా మూడు కంటికి అచ్చం అలాగే ఉన్నాయి, దానికి మాత్రం కనిపించడం లేదు.

---

గుణింతం · మంగళవారం, సాయంత్రం 6:02

ఆ మూడింటిలో ట్ తరువాత ఉన్నది బహుశా వేరేదై ఉంటుంది. ‘ఫ్ట్’ పక్కన ‘వే’ వచ్చినప్పుడు అది వత్తుగా మారి కిందికి దిగకుండా ఆపడానికి కనిపించని అక్షరం ఒకటి పెడతారు. వెడల్పు లేని అక్షరం, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కంటికి ఏమీ కనిపించదు. ఎడిటర్‌కు మాత్రం అదొక అక్షరమే, పైగా పదంలో భాగం కాని అక్షరం. నా దగ్గర కూడా కర్సర్ పెట్టి నొక్కితే ఆ చోట పదం అయిపోయిందనుకుని సగం దగ్గరే ఆగుతుంది.

కొన్ని ఫోను కీబోర్డులు దాన్ని ఒకసారి బదులు రెండుసార్లు పెడతాయి. కొందరు అది తెలియక ఖాళీ పెడతారు. మీ ఫైలులో ఏది జరిగిందో చూడాలంటే ఆ మూడింటిలో ఒకదాని మీద ‘ట్’ తరువాత కర్సర్ పెట్టి కుడి బాణం ఒక్కొక్కసారి నొక్కండి. కర్సర్ కదలకుండా ఎన్ని నొక్కులు మింగిందో అన్ని కనిపించని అక్షరాలు ఉన్నట్టు.

---

తాటాకు · మంగళవారం, సాయంత్రం 6:25

రెండు మింగింది! మూడింటిలోనూ అంతే.

---

గుణింతం · మంగళవారం, సాయంత్రం 7:10

అయితే ఇలా చేద్దాం. ఫైండ్ పెట్టె అడుగున సెర్చ్ మోడ్ అని మూడు ఉంటాయి, ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ ఎంచుకోండి. వెతికే గడిలో ‘సాఫ్ట్’ అని కొట్టి, దాని వెనకే బ్యాక్‌స్లాష్, ఇంగ్లిషు చిన్న ఎక్స్, ఫ్లవర్ బ్రాకెట్లలో 200సి (సి ఇంగ్లిషు అక్షరమే), బ్రాకెట్ మూసిన తరువాత ఒక * గుర్తు, ఆ వెనక ‘వేర్’. మధ్యలో ఎక్కడా ఖాళీ వద్దు. * అంటే ఆ అక్షరం అసలు లేకపోయినా సరే, ఒకటి ఉన్నా సరే, పది ఉన్నా సరే అని. తొమ్మిదీ దొరకాలి.

ఇంత పొడుగు మంత్రం ప్రతిసారీ కొట్టలేరు కాబట్టి ఇక్కడే అసలు షార్ట్‌కట్ పని. మాక్రో అంటే మీరు చేసిన పనులను గుర్తుంచుకుని ఒక్క కీతో మళ్లీ చేసేది. మాక్రో మెనూలో రికార్డింగ్ మొదలుపెట్టండి, ఫైండ్ పెట్టెలో అది కొట్టి ‘ఫైండ్ నెక్స్ట్’ ఒకసారి నొక్కండి, పెట్టె మూసి రికార్డింగ్ ఆపండి. అదే మెనూలో ‘సేవ్ కరెంట్ రికార్డెడ్ మాక్రో’ నొక్కితే పేరు, కీ అడుగుతుంది. వెతకడం కూడా మాక్రోలో నమోదవుతుందని చాలామందికి తెలియదు. ఇక ఆ కీ నొక్కిన ప్రతిసారీ, గడిలో ఇంకేమి ఉన్నా, ఇదే వెతుకుతుంది. ఇలాంటివి నా దగ్గర ఏడు ఉన్నాయి. రెండేసి ఖాళీలు వెతికేది ఒకటి, పూర్ణవిరామం ముందు ఖాళీ వెతికేది ఒకటి, తెలుగు అక్షరం పక్కన ఇంగ్లిషు అక్షరం అంటుకున్న చోటు వెతికేది ఒకటి...

---

వేపచెట్టు · మంగళవారం, రాత్రి 9:33

చాలా రోజులుగా చదువుతున్నాను కాని రాయడం ఇదే మొదలు. నాది వేరే అభిప్రాయం. కీలు మార్చుకోవడం అలవాటైతే ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. నేను ఒక ప్రెస్సులో పని చేసేటప్పుడు నాలుగు యంత్రాలు, నలుగురం. ఒకరు వాళ్లకు నచ్చినట్టు మార్చి వెళ్లేవారు, తరువాత వచ్చినవారు తిట్టుకునేవారు. ఒకసారి ఎవరో ‘తరువాతిది వెతుకు’ అన్నదానికి కంట్రోల్+ఆల్ట్+కింది బాణం పెట్టారు. ఆ యంత్రంలో పాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంది, దానికి అది తెరను తలకిందులు చేసే కీ. ప్రూఫు తలకిందులుగా చదివిన ఘనత మాది. అప్పటి నుంచి నేను ఉన్నది ఉన్నట్టే వాడతాను.

పైగా కంట్రోల్+క్యూ చాలా ప్రోగ్రాములలో ‘మూసేయి’. లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ మొత్తం మూతపడుతుంది. ఆ వేలికి అది అలవాటు చేయడం ప్రమాదం కాదా?

---

అటకమీదిపెట్టె · మంగళవారం, రాత్రి 10:01

వేపచెట్టు గారి మాటలో సగం నేను ఒప్పుకుంటాను. నలుగురూ వాడే యంత్రం మీద ఎవరూ ఏదీ మార్చకూడదు. ఉమ్మడి వంటింట్లో ఉప్పు డబ్బా జరిపినట్టే. కాని తాటాకు గారిది సొంత ల్యాప్‌టాప్, సొంత చెయ్యి. రోజంతా ఒకే పని చేసేవాడు పనిముట్టు పిడి తన చేతికి తగ్గట్టు చెక్కుకుంటాడు, వడ్రంగిని చూడండి.

కంట్రోల్+క్యూ గురించి మీరు అన్నది మాత్రం నిజం. నేనైతే పెట్టుకోను.

---

గుణింతం · మంగళవారం, రాత్రి 10:20

ఆ కీ ఎంచుకోవడానికి నా లెక్క ఇది. తాటాకు గారు వేరే చోట, మార్పులు లేని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ముందు కూర్చుని అలవాటుగా కంట్రోల్+క్యూ నొక్కారనుకోండి. మామూలు టెక్స్ట్ ఫైలుకు కామెంటు గుర్తు అంటూ లేదు కాబట్టి ఏమీ జరగదు. కంట్రోల్+డి అయితే ఏమి జరుగుతుందో ఆయన ఇప్పటికే చూశారు. షార్ట్‌కట్ పని చేసినప్పటి సంగతి ఒక్కటే కాదు, పని చేయని చోట నొక్కితే ఎంత నష్టమో కూడా చూస్తాను. ఫైర్‌ఫాక్స్ మాట లైనక్స్‌లో నిజమే, విండోస్‌లో ఆ కీ దాన్ని మూయదు. ఆయనది విండోస్.

వేరే యంత్రానికి వెళ్లవలసి వస్తే పోర్టబుల్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లవచ్చు, సెట్టింగులన్నీ దాని ఫోల్డరులోనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసినదైతే షార్ట్‌కట్లు, మాక్రోలు అన్నీ ‘షార్ట్‌కట్స్’ పేరుతో ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటాయి. యూజర్ ఫోల్డరులోని యాప్‌డేటా, దానిలో రోమింగ్, దానిలో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. ఆ ఒక్క ఫైలును దాచుకోండి. తిరిగి పెట్టేటప్పుడు ముందు ఎడిటర్ మూసేయండి. తెరిచి ఉండగా మారిస్తే, మూసేటప్పుడు తన జ్ఞాపకంలో ఉన్నదే దాని మీద రాసేసే వీలుంది.

---

వేపచెట్టు · మంగళవారం, రాత్రి 10:41

ఆ ‘నష్టం లెక్క’ నచ్చింది. నేను మార్చుకోను గాని, నచ్చింది.

---

కొత్తపలక · బుధవారం, ఉదయం 8:05

నాది చిన్న చిట్కా. ఫైండ్ పెట్టె పాఠాన్ని కప్పేస్తోందని విసుక్కునేవాళ్లకు దాని మూలన ‘ట్రాన్స్‌పరెన్సీ’ ఉంది. పాఠం మీద క్లిక్ చేసినప్పుడు పెట్టె పలచబడి వెనక ఉన్నది కనిపిస్తుంది. కంట్రోల్+ఆల్ట్+ఐ నొక్కితే అసలు పెట్టె లేకుండా అడుగున సన్నటి పట్టీ వస్తుంది, ఒక్కో అక్షరం కొడుతుంటే వెతుక్కుంటూ పోతుంది.

---

తాటాకు · గురువారం, రాత్రి 7:55

మాక్రో పని చేసింది. తొమ్మిదీ దొరికాయి. మాక్రోకు కంట్రోల్+షిఫ్ట్ పట్టుకుని ఒక అక్షరం ఇచ్చాను. ఏ అక్షరమో చెప్పను, మళ్లీ చర్చ మొదలవుతుంది. ఈసారి అడుగున ఏమి రాసి ఉందో చదివాకే మూశాను.

‘అర్ధ’ మొత్తం 217 చోట్ల వచ్చింది. అందులో 31 నిజంగానే సగాలు: అర్ధరాత్రులు, అర్ధచంద్రులు, ఒక అర్ధనారీశ్వరుడు. మిగతావన్నీ మార్చాను. రెండు చోట్ల మాత్రం 1936 నాటి అచ్చులోనే ‘అర్ధం’ అని ఉంది, ఓసీఆర్ తప్పు కాదు. వాటిని ఏమి చేయాలో సంపాదకులను అడిగాను.

వేపచెట్టు గారూ, మీరు భయపెట్టినట్టే జరిగింది. మా అబ్బాయి లైనక్స్ కంప్యూటర్‌లో ఈ పేజీ చదువుతూ ఏదో పదం వెతకబోయి కంట్రోల్+క్యూ నొక్కాను. వాడి కిటికీలన్నీ మూతపడ్డాయి. వాడు ఇంకా ఇంటికి రాలేదు.

---

వేపచెట్టు · గురువారం, రాత్రి 8:02

మళ్లీ తెరిచి, మెనూలో హిస్టరీ దగ్గర ‘రిస్టోర్ ప్రీవియస్ సెషన్’ నొక్కండి. త్వరగా.